గడ్డి ఇచ్చే గులాబీ

చార్మినార్ నీడన సీసాల్లో అమ్ముడయ్యే గులాబీ పరిమళానికీ, సీలేరు కొండవాలులో ఇట్టే పెరగగల ఒక గడ్డికీ దగ్గరి చుట్టరికం ఉంది. ఆ చుట్టరికాన్ని బజారు దాచుకుంటోంది.

పుష్యమాసపు చలి. చింతపల్లి దాటి సీలేరు వైపు పోయే ఘాట్ రోడ్డు మీద పొద్దెక్కినా మంచు విడవదు. అలాంటి ఉదయం అసలు సిసలు గులాబీ తైలం సీసా ఒకటి తెచ్చి రోడ్డు పక్క బండ మీద పెట్టామనుకోండి. కాసేపటికి నూనెలో సన్నని మైనపు రేకులు తేలతాయి. చలి బాగా ఉంటే సీసా తిరగేసినా బొట్టు జారదు. గుప్పిట్లో పెట్టుకుంటే మళ్లీ కరుగుతుంది. గులాబీ రేకులో పుట్టుకతో ఉండే మైనం నూనెతో పాటే ఆవిరిలో వచ్చేస్తుంది. 20 డిగ్రీల దగ్గర్లోనే అది పేరుకోవడం మొదలుపెడుతుంది. ఆ పక్కనే ఉన్న లంబసింగిలో చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగిన రోజులున్నాయి కాబట్టి, గులాబీ తైలాన్ని పరీక్షించడానికి మన రాష్ట్రంలో ఇంతకు మించిన చోటు లేదు.

ఇప్పుడు అదే బండ మీద, ఏ జాతరలోనో 50 రూపాయలకు కొన్న ‘గులాబ్ అత్తరు’ పెట్టండి. చలికి మనం వణుకుతాం గానీ అది వణకదు.

గడ్డకట్టనంత మాత్రాన మోసమని కాదు. పువ్వు సారాన్ని చందన నూనెలోకి దింపితే అత్తరు. ఏ నూనే కలపకుండా పువ్వు నుంచి నేరుగా తీస్తే రూహ్. చందనంలో కలిసిన గులాబీ చలికి అంతగా పేరుకోదు. కాకపోతే 50 రూపాయల సీసాలో చందనమూ ఉండదు, గులాబీ కూడా ఉండదు. మరి ఆ వాసన ఎక్కడిది? ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరితే పాతబస్తీలో మొదలై సీలేరు కొండల దాకా రావాల్సి ఉంటుంది.

ముందే ఒక మాట. సీలేరులో అత్తరు సంప్రదాయమేమీ లేదు. ఇక్కడి పరిమళాలు వేరు. వేసవి మొదట్లో ఒక జల్లు పడితే చాలు, కాఫీ తోటలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూసి మల్లెపూల వాసన కొడతాయి. ఇప్పచెట్ల కింద తెల్లారేసరికి రాలిన పూల మత్తు వేరు. పూలను జడలో తురుముకోవడమే గానీ సారం తీసి బట్టకు రాసుకోవడం ఇక్కడివాళ్ల అలవాటు కాదు. పర్యాటకం పుణ్యమా అని ప్రతి కొండకూ ఒక ‘ప్రాచీన సంప్రదాయం’ తగిలిస్తున్న రోజులివి. ఆ జాబితాలో అత్తరును చేర్చే ఉద్దేశం నాకు లేదు. ఈ కొండల ప్రస్తావన వచ్చింది గతం కోసం కాదు, రేపటి కోసం.

రాగి బాన, వెదురు గొట్టం

గులాబీ అత్తరుకు మన దేశంలో రాజధాని ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్. పూలు అలీగఢ్, హసాయన్, ఏటా వైపు పొలాల నుంచి వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పూత. చీకటితోనే కోయాలి. ఎండ తగిలిందా, రేకులో ఉండాల్సిన వాసన గాలిపాలవుతుంది. కోసిన పువ్వు కొన్ని గంటల్లోనే బట్టీకి చేరాలి.

బట్టీ అంటే పెద్ద రాగి బాన. దాన్ని దేగ్ అంటారు. రేకులు వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి, సందులన్నీ బంకమట్టితో మెత్తుతారు. మూతలోంచి ఒక వెదురు గొట్టం బయటికొస్తుంది. దానికి చుట్టూతా తాడు బిగించి ఉంటుంది. ఆ గొట్టం రెండో కొస పక్కన నీటి తొట్టిలో కూర్చున్న రాగి కూజాలోకి దిగుతుంది. ఈ కూజా పేరు భప్కా. అందులో ముందే చందన నూనె పోసి ఉంచుతారు. కింద కట్టెలూ పిడకలూ పెట్టి మంట రాజేస్తే ఆవిరి గులాబీ సారాన్ని మోసుకుని గొట్టం వెంట వస్తుంది. చల్లని కూజాలో నీరుగా మారుతూ సారాన్ని చందనానికి అప్పగిస్తుంది.

థర్మామీటరు ఉండదు, మీటర్లు ఉండవు. నీళ్లలో మునిగిన కూజాను అరచేత్తో తడిమి ఎంత ఆవిరి దిగిందో చెప్పే పనివాడే అన్నీ. మంట పెరిగితే సరుకంతా మాడు వాసన పట్టేస్తుంది. కొన్ని గంటలకు కూజా మారుస్తారు. అడుగున చేరిన నీటిని వంపి తిరిగి బానలోనే పోస్తారు, అందులోనూ గులాబీ ఉంటుంది గనక. మర్నాడు కొత్త పూలు, అదే చందనం. ఇలా రోజుల తరబడి, చిక్కటి సరుకు కావాలంటే రెండు వారాల దాకా, ఒకే నూనెలోకి గులాబీని ఎక్కిస్తూ పోతారు. చివరికి తోలు కుప్పెలో పోసి ఎండలో పెడితే మిగిలిన తేమ తోలు గుండా ఆవిరైపోతుంది, నూనె నిలుస్తుంది.

రూహ్ లెక్క ఇంకా కఠినం. కిలో గులాబీ తైలం రావాలంటే నాలుగు టన్నుల పైచిలుకు రేకులు కావాలి. కిలో ధర లక్షల్లో ఉండటంలో ఆశ్చర్యం లేదు.

ఈ తైలం సంగతి జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. 1614 ప్రాంతపు మాట. నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం గులాబీ నీరు కాయిస్తుండగా, వేడి నీరు పోసిన పళ్లేల మీద సన్నని నురగ తేలింది. ఆమె దాన్ని ఓపికగా కూడబెట్టింది. ఒక్క బొట్టు అరచేతికి రాస్తే సభంతా గుబాళించిందని జహంగీర్ మురిసిపోయాడు. అత్తగారికి ముత్యాల దండ బహుమతి ఇచ్చాడు. సలీమా సుల్తాన్ బేగం ఆ తైలానికి చక్రవర్తి పేరే పెట్టింది. అంతకుముందే ఇటలీలోనూ ఇలాంటి నూనెను గమనించినవారున్నారు. అయినా మన దేశంలో కథ మొదలయ్యేది మాత్రం ఆ పళ్లెం మీద నురగతోనే.

పూలను ఆవిరి పట్టే విద్య చూడటానికి కన్నౌజ్ దాకా పోనక్కర్లేదు. మన పక్కనే, తెలుగువాళ్లు తరతరాలుగా ఉంటున్న గంజాం జిల్లాలో, బరంపురం, ఛత్రపురం చుట్టుపక్కల మొగలిపూలను ఇదే పద్ధతిలో రాగి బానల్లో ఉడికిస్తారు. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. శ్రీకాకుళం దాటి రైల్లో పోయేవాళ్లు ఆ ఊళ్ల మీదుగానే వెళ్తారు. కిటికీలోంచి కనిపించే మొగలి పొదలు కంచె కోసం వేసినవనుకుంటారు.

మోటుపల్లి సుంకం, కొండవీటి వసంతం

అత్తరు తురకల వెంట వచ్చిందనీ, అంతకుముందు మనకు గంధం పూత తప్ప మరో సువాసన తెలియదనీ అనుకునేవాళ్లున్నారు. మోటుపల్లి శాసనం చూస్తే ఆ మాట నిలవదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనమది. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజులు స్వాధీనం చేసుకునే పద్ధతిని ఆపి, విదేశీ వర్తకులకు భరోసా ఇచ్చి, సుంకం మాత్రమే తీసుకుంటామని ప్రకటించాడు. సుంకం పడే సరుకుల్లో చందనం, కర్పూరం, చీనీ కర్పూరం, జవ్వాది, కర్పూర తైలంతో పాటు పన్నీరు కూడా ఉంది. అంటే 1244 నాటికే మన రేవులో పన్నీటి పీపాలకు లెక్క రాసే గుమాస్తా ఒకడున్నాడు. ఇప్పుడా మోటుపల్లి బాపట్ల జిల్లాలో ఒక చిన్న ఊరు.

తర్వాతి శతాబ్దంలో కొండవీటి కుమారగిరిరెడ్డి ఏటా వసంతోత్సవాలు చేయించి ‘కర్పూర వసంతరాయడు’ అనిపించుకున్నాడు. ఆ ఉత్సవాలకు కావాల్సిన సుగంధ ద్రవ్యాలన్నీ సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టి. శ్రీనాథుడు తన హరవిలాసాన్ని రాజుకు కాకుండా ఈ సెట్టికి అంకితమిచ్చాడు. సెట్టి ఏ దేశం నుంచి ఏ సరుకు దింపేవాడో పీఠికలో ఏకరువు పెట్టాడు. పంజారం కర్పూరం, గోవా జవ్వాది, హురుమంజి గుర్రాలు, సింహళం ఏనుగులు, చీనా పట్టు అందులో ఉన్నాయి. తెలుగు సాహిత్యంలో ఒక సుగంధ వ్యాపారికి ఇంతటి గౌరవం మళ్లీ దక్కలేదు. సువాసన అమ్మేవాడి గోదాము జాబితా కావ్యానికి ముఖద్వారం కావడం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

1443లో విజయనగరం చూసిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, ఆ ఊరి జనానికి తిండి ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమని రాశాడు. పర్షియా నుంచి, అంటే గులాబీల దేశం నుంచి వచ్చినవాడు ఆ మాట అన్నాడు. గోల్కొండ కాలానికి పర్షియాతో రాకపోకలు ఇంకా పెరిగాయి. బందరు రేవు మీదుగా సరుకులూ మనుషులూ వాసనలూ వచ్చి చేరాయి. 1591లో హైదరాబాద్ పుట్టాక ఈ దారులన్నీ చార్మినార్ దగ్గర కలిశాయి.

ఇవాళ్టికీ చార్మినార్ నుంచి పత్తర్‌గట్టీ వైపు నడిస్తే అత్తరు దుకాణాల గాజు సీసాలు వరసగా కనిపిస్తాయి. గులాబ్, హినా, ఖస్, షమామా, మజ్మూఆ. మొదటి వాన పడ్డ నేల వాసన కావాలంటే మిట్టీ. రంజాన్ నెలలో ఆ దారిలో కాలు పెట్టే సందు ఉండదు. సారాయి సంబంధం లేని సువాసన గనక నమాజుకు రాసుకోవడానికి అభ్యంతరం లేదు. పండగకూ, శుక్రవారానికీ, పెళ్లికీ అదే. కోస్తా ఊళ్లలో ఒకప్పుడు చెక్క పెట్టె భుజాన వేసుకుని తిరిగిన అత్తరు సాయిబు ఇప్పుడు కనిపించడు. పెళ్లిళ్లలో పన్నీటి బుడ్డి మాత్రం ఇంకా గుమ్మం దగ్గర నిలబడే ఉంది. అందులో ఉన్నది పన్నీరేనా అని ఎవరూ అడగరు.

అత్తరు పోసుకునే పాత్రలకు మన కరీంనగర్ పేరుమోసింది. వెంట్రుకంత సన్నని వెండి తీగను మెలితిప్పి అల్లిన అత్తరుదానులు, పాన్‌దాన్‌లు ఆ ఊరి పనివాళ్ల చేతి చలువ. ఎలగందులలో మొదలైన ఆ పనికి కరీంనగర్ పేరుతో భౌగోళిక గుర్తింపు దక్కింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో అలాంటి దానులూ గులాబ్‌పాష్‌లూ చూడొచ్చు. సువాసన ఉత్తరాదిది, దాన్ని పట్టుకున్న వెండి మనది.

బట్టకే ఎందుకు?

అత్తరును ఒంటికి రాసుకునేవాళ్లున్నా, దక్కనులో అది ముఖ్యంగా బట్ట సువాసన. షేర్వాణీ మెడపట్టీ లోపల, చేతి మడతలో, దుపట్టా అంచున, లేదంటే దూదిలో ముంచి చెవి మడతలో. దీనికి కారణం మన ఎండే. ఒంటి వేడికి నూనె తొందరగా ఎగిరిపోతుంది, చెమటతో కలిసి వాసన మారిపోతుంది. నూలు బట్టలో అయితే దారప్పోగుల మధ్య ఇంకి నిదానంగా విడుదలవుతుంది. గులాబీలోని తేలికైన అంశాలు మొదటి గంటల్లోనే ఎగిరిపోవాలని చూస్తాయి. చందనంలోని శాంటలాల్ బరువైనది, తేలిగ్గా కదలదు. అది గులాబీని పట్టి ఉంచుతుంది. అందుకే మంచి గులాబీ అత్తరు రాసిన చొక్కా సాయంత్రానికి గులాబీ, మర్నాటికి చందనం. ఉతికినా అంచున కాస్త మిగిలే ఉంటుంది.

దీనికో చిక్కుంది. చందన నూనె తెల్లబట్ట మీద పసుపు మరక చేస్తుంది. పట్టు మీదైతే ఇక పోదు. పాతకాలపువాళ్లు బట్ట పైకి ఎన్నడూ రాసేవారు కాదు. లోపలి కుట్టు మీదో, అస్తరు మీదో ఒక్క చుక్క అద్దేవారు. ఇప్పుడు స్ప్రే కొట్టినట్టు అత్తరును ఎదురురొమ్మున రుద్దుకుని, మరక పడిందని దుకాణదారుతో గొడవ పెట్టుకునేవాళ్లను చూస్తున్నాం. హైదరాబాద్ బార్కస్‌లోని యెమెనీ మూలాల కుటుంబాలు బట్టలకు ఊదు పొగ పట్టించి, ఆ పైన అత్తరు అద్దుతాయి. పొగ పట్టిన నూలు వాసనను మరింతసేపు పట్టుకుంటుంది. షేర్వాణీలకూ చలికాలపు శాలువాలకూ ఇంతకు మించిన పద్ధతి నేను చూడలేదు.

చందనం పోయింది, గులాబీ కూడా

ఈ లెక్కంతా చందనం చవగ్గా దొరికిన రోజులది. శ్రీగంధం చెట్టు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, దొంగ నరుకుళ్లు, అడవుల్లో చెట్టే అరుదైపోవడం అన్నీ కలిసి చందన నూనె ధరను ఆకాశానికి చేర్చాయి. కర్ణాటక 2001లో, తమిళనాడు ఆ మరుసటి ఏడాది రైతుకు తన చెట్టు మీద హక్కిచ్చాయి గానీ శ్రీగంధం చేవ తేలడానికి ఏళ్లు పడుతుంది. (శేషాచలం ఎర్రచందనం ఉంది కదా అని అడుగుతారు. దానికి వాసనే లేదు. రంగూ, చేవా తప్ప.) దాంతో భప్కాలో చందనం స్థానంలో లిక్విడ్ పారఫిన్ చేరింది. ప్లాస్టిక్‌ను మెత్తబరచడానికి వాడే డీవోపీ అనే రసాయనం చేరింది. ఇవి చవక. వాసన లేనివి, గులాబీని పట్టి ఉంచలేనివి.

ఇక గులాబీ. మన పూల మార్కెట్లకు వచ్చే బొకే గులాబీకి వాసన దాదాపు లేదు. వారం రోజులు వాడకుండా నిలవాలని, పెట్టెలో పెట్టి పంపినా నలగకూడదని ఎంచి ఎంచి పెంచిన రకాలవి. ఆ ఎంపికలో పరిమళం జారిపోయింది. గులాబీ వాసనను తయారుచేసే యంత్రాంగంలో ఒక కీలకమైన ఎంజైమ్‌ను ఫ్రెంచి శాస్త్రవేత్తలు 2015లో గుర్తించారు. వాసన లేని రకాల్లో అది పనిచేయడం లేదని తేలింది. అత్తరుకు పనికొచ్చేది డమాస్క్ జాతి, మనం పన్నీరు గులాబీ అనుకునే బాపతు. చూడటానికి మామూలుగా ఉంటుంది, ఒకపూటలో రేకులు రాల్చేస్తుంది.

ఆ ఎంజైమ్ తయారుచేయించే ముఖ్యమైన పదార్థం పేరు జెరానియాల్. గులాబీని గులాబీగా గుర్తుపట్టించే తియ్యదనంలో పెద్ద వాటా దానిదే. సీలేరు కథలోకి వచ్చేది ఇక్కడే.

గులాబీ వాసన గడ్డి

నిమ్మగడ్డి కుటుంబంలోనే పామారోజా అని ఒక గడ్డి ఉంది. మనిషి ఎత్తు పెరుగుతుంది, కొసన ఎర్రటి కంకి వేస్తుంది. ఆ కంకిని వేళ్ల మధ్య నలిపితే గులాబీ వాసన. దీని నూనెలో 75 నుంచి 90 శాతం దాకా జెరానియాలే. గులాబీ ఒక దారిలో తయారుచేసుకునే సరుకును ఈ గడ్డి వేరే దారిలో తయారుచేసుకుంటుంది. చేరేది మాత్రం ఒకే చోటికి.

వ్యాపారులకు ఈ సంగతి శాస్త్రవేత్తల కంటే ముందే తెలుసు. 19వ శతాబ్దంలో ఖాందేశ్, నిమాడ్ ప్రాంతాల్లో ఈ గడ్డి నూనె తీసి బొంబాయి రేవు నుంచి ఎర్రసముద్రం మీదుగా ఇస్తాంబుల్ పంపేవారు. అక్కడ ఎండలో పెట్టి రంగు తగ్గించి బల్గేరియా గులాబీ తోటలకు చేరవేసేవారు. బట్టీలో వేసే ముందు రేకుల మీద ఈ నూనె చల్లేవారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన గులాబీ తైలంలో మన దేశపు గడ్డి నూనె కలిసి యూరప్ సంపన్నుల రుమాళ్లకు అంటింది. గడ్డకట్టే పరీక్షలో దొరికిపోకుండా తిమింగలం మైనం కలిపిన ఘనులూ ఉన్నారు.

ఇప్పటి బజారులో గడ్డి కూడా పెద్దమనిషి కిందే లెక్క. చవక సీసాల్లో ఉండేది ఎక్కువగా ఫ్యాక్టరీలో తయారైన జెరానియాల్, ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, సబ్బులకు వాడే ‘రోజ్ క్రిస్టల్’. వీటితో పోలిస్తే పామారోజా నూనె నిజాయతీ గల సరుకు. మొక్క నుంచి వచ్చింది, ఆవిరి పట్టి తీసింది, గులాబీకి వాసనలో తోబుట్టువు. కిలో ధర లక్షల్లో కాదు, వేలల్లో. గులాబీ కొనలేనివాడు గడ్డిని గడ్డి అనే కొనుక్కుంటే తప్పేముంది? గడ్డికి గులాబీ చీటీ అంటించడం తప్పు.

కొనేటప్పుడు

బేరం ఎప్పుడూ ఇలాగే సాగుతుంది: “అసలీనా భాయ్?” “హండ్రెడ్ పర్సెంట్ అసలీ సాబ్!” ఈ ప్రశ్న వల్ల లాభం లేదు. అత్తరు దేంట్లో దింపారు, చందనంలోనా పారఫిన్‌లోనా అని అడగండి. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే అదే జవాబు. తెల్లకాగితం మీద చుక్క వేసి రెండు రోజులు వదిలేయండి. పారఫిన్ అయితే జిడ్డు మరక అలాగే మిగులుతుంది, వాసన ఉండదు. చందనమైతే మచ్చ ఉన్నా వాసన కూడా ఉంటుంది. రూహ్ అని అమ్మితే ఫ్రిజ్‌లో పెట్టి చూస్తానని చెప్పండి. దుకాణంలో నాలుగు సీసాలు వాసన చూశాక ముక్కు మొద్దుబారుతుంది, ఐదోది ఇంటికి తెచ్చుకుని తీరిగ్గా చూడటం మేలు. కొత్తది ఏదైనా ముందు పాత రుమాలు మీద.

సీలేరు లెక్క

గూడెం కొత్తవీధి మండలంలోని సీలేరు పేరు చెబితే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది కరెంటు. ఎగువ సీలేరులో 240 మెగావాట్లు, కిందకి పోతే మోతుగూడెం దగ్గర 460. పైన మాచ్‌ఖండ్ అనిపించుకున్న నది ఇక్కడ సీలేరై, శబరిలో కలిసి, గోదావరికి చేరుతుంది. ఈమధ్య పత్రికల్లో సీలేరు పేరు వచ్చేది మరో కారణంతో. చెక్‌పోస్టులో పట్టుబడిన గంజాయి మూటలు. 2021లో ‘పరివర్తన’ పేరుతో పోలీసులు ఏజెన్సీలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించారు. నరికిన చోట ఏం వేయాలన్న ప్రశ్నకు మాత్రం లాఠీ దగ్గర జవాబు ఉండదు. రాజ్‌మా, పసుపు, అల్లం, పిప్పళ్లు, మిరియాలు, కాఫీ అంటూ అధికారులు చెప్పే జాబితా మంచిదే. కాఫీ మొక్క కాపుకొచ్చేసరికి నాలుగేళ్లు గడుస్తాయి, ఈలోగా ఇల్లు గడవాలి.

పామారోజా ఆ జాబితాలో చేరాలని నా వాదన. నీడ లేని, నీళ్లు నిలవని వాలు దానికి ఇష్టం. వేరు మట్టిని పట్టి ఉంచుతుంది, పోడు కొట్టి బోడిగా మిగిలిన వాలుకు అది చిన్న ఉపకారం కాదు. ఒకసారి పాతుకుంటే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు, మొదటి ఏడే కోత మొదలవుతుంది. ఘాటు నూనె వల్ల పశువులు అంతగా ముట్టవు. పూత మీద కోసి, కాస్త వాడబెట్టి ఆవిరి పడితే పచ్చిగడ్డి బరువులో అర శాతం దాకా నూనె వస్తుంది. అంటే 200 కిలోల గడ్డికి ఒక కిలో. ఆవిరి పట్టగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి అదే బట్టీ కింద మండించుకోవచ్చు, కట్టె కోసం అడవి మీద పడక్కర్లేదు.

అన్నిటికంటే పెద్ద లాభం మోతలో ఉంది. గర్భిణిని డోలీలో మోసుకురావాల్సిన ఊళ్లు ఈ కొండల్లో ఇంకా ఉన్నాయి. అలాంటి ఊరి నుంచి చింతపండు, అడ్డాకులు, అల్లం బస్తాలు సంతకు చేర్చే కూలీ సరుకు ధరలో సగం తినేస్తుంది. నూనె అలా కాదు. ఎకరం గడ్డి సారమంతా రెండు డబ్బాల్లో పడుతుంది, బైకు మీద తీసుకుపోవచ్చు. మూత బిగించి, ఎండ తగలకుండా ఉంచితే నెలల తరబడి చెడదు. ధర లేనిరోజు సంతలో తెగనమ్మి రానక్కర్లేదు.

అడ్డంకులు లేవని కాదు. విత్తనం పంచి, ఫొటోలు దిగి, బట్టీ ఇవ్వకుండా వెళ్లిపోయే పథకాలు గిరిజనులు చాలా చూశారు. బట్టీ లేని సుగంధ గడ్డి ఉత్తి గడ్డే. కోసిన గడ్డిని 50 కిలోమీటర్లు మోయించి నూనె తీయమనడం కొండ తెలియనివాళ్ల ఆలోచన. మూడు నాలుగు ఊళ్లకు ఒక బట్టీ, దాని పక్కన చల్లబరిచే నీరు, తూకం వేయడానికి సరైన కాటా ఉండాలి. నాణ్యత తేల్చే పరీక్షకు హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ కేంద్రం ఉంది. సుగంధ పంటల మీదే పనిచేసే కేంద్ర సంస్థ అది. అరోమా మిషన్ కింద దేశంలో చాలాచోట్ల నిమ్మగడ్డినీ పామారోజానూ రైతుల చేతికి చేర్చింది కూడా. ఇక కొనుగోలు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ తేనె, చింతపండు, కాఫీ అమ్మగలిగింది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు రావడం వెనుక రైతుల చెమటతో పాటు ఇలాంటి కొనుగోలు వ్యవస్థ కూడా ఉంది. నూనెకు కనీస ధర ముందే ప్రకటించి కొనే బాధ్యత ఆ సంస్థ తీసుకోకపోతే, ఈ గడ్డి కూడా మధ్యదళారీ చేతికే పోతుంది. 1/70 చట్టం భూమిని గిరిజనుడి చేతిలో నిలబెట్టింది, సరుకు ధరను నిలబెట్టే చట్టం మాత్రం లేదు.

ధర పడిపోయే భయం కూడా నిజమే. సుగంధ నూనెల బజారు చిన్నది. అందరూ ఒకేసారి అదే గడ్డి వేస్తే ధర కూలుతుంది. అందుకే వాలు మొత్తం గడ్డి చేయమని ఎవరూ చెప్పకూడదు. చోడి, సామ, కందుల పక్కన ఒక ముక్క చాలు. తిండి గింజను తోసేసి వచ్చే ఏ సుగంధమూ నాకు అక్కర్లేదు.

సీలేరు నూనె చార్మినార్ సీసాలోకి చేరాలంటే ఆ సీసా మీద నిజం రాసే అలవాటు ముందు రావాలి. గులాబీ పువ్వు నుంచి తీసింది, గడ్డి నుంచి తీసింది, ఫ్యాక్టరీలో చేసింది అని మూడు రకాలు. మూడూ అమ్ముకోవచ్చు, మూడింటికీ గిరాకీ ఉంది. ఒకటే చీటీ మూడింటికీ అంటించినంత కాలం కన్నౌజ్‌లో పువ్వు కోసేవాడికీ న్యాయం జరగదు, కొండ మీద గడ్డి కోసేవాడికీ జరగదు. పండక్కి అత్తరు కొనేవాళ్లు దుకాణంలో ఆ మూడింట్లో ఏదో అడిగి, బిల్లు మీద రాయించుకోండి.